కళాశాల చదువు, పేదింటి విద్యార్థి: అపోహలు - వాస్తవాలు

ఇంటిల్లిపాదిలో మొదటిసారిగా కళాశాలలో అడుగుపెట్టే పిల్లలను చేర్పించడం, చేరాక చదువు ఆగిపోకుండా చూడడం మా పని. ప్రతి వేసవిలోనూ తల్లిదండ్రుల నోట వినిపించే కొన్ని మాటలకు ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

అపోహ: ఐఐటీ చదువు డబ్బున్నవారికే.
వాస్తవం: ఐఐటీల్లో బీటెక్ చదివే ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు ఉండదు. మిగతావారిలో కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయల లోపు ఉన్నవారికీ పూర్తి మినహాయింపు ఉంది. లక్ష నుంచి 5 లక్షల వరకు ఉంటే మూడింట రెండు వంతులు తగ్గుతుంది. హాస్టల్, మెస్ ఖర్చులు మాత్రం వేరు.

అపోహ: మీసేవలో తీసుకున్న బీసీ ధ్రువపత్రం అన్నిచోట్లా చెల్లుతుంది.
వాస్తవం: మంచి ర్యాంకు వచ్చిన పిల్లలు సీటు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. రాష్ట్రంలోని ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు పనికొచ్చే ఆ పత్రం ఐఐటీ, ఎన్ఐటీలకు చాలదు. కేంద్రం నిర్దేశించిన నమూనాలో, నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణికి చెందని కుటుంబం) అని పేర్కొంటూ, అదే సంవత్సరం ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ జారీ అయిన ఓబీసీ ధ్రువపత్రం ఉండాలి. పైగా రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. ఫలితాలు వచ్చాక తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగితే గడువు దాటిపోతుంది కనుక మేము ఏప్రిల్‌లోనే దరఖాస్తు పెట్టిస్తాం.

అపోహ: ఇంజినీరింగ్ సీటు వస్తే ఫీజంతా ప్రభుత్వమే కడుతుంది.
వాస్తవం: యాజమాన్య కోటాలో, అంటే కళాశాల తానే భర్తీ చేసుకునే సీట్లలో, చేరినవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. తెలంగాణలో ఈఏపీసెట్‌లో 10,000 దాటిన ర్యాంకుతో కన్వీనర్ కోటాలో (ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా) చేరిన బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) విద్యార్థులలో చాలామందికి ఏడాదికి అందేది 35,000 రూపాయలే. మిగిలిన ఫీజు ఇంటివారే కట్టుకోవాలి. హాజరు 75 శాతానికి తగ్గితే అదీ ప్రమాదంలో పడుతుంది. పత్తి తీతల వేళ సాయానికి రమ్మని పిల్లలను ఊరికి పిలిపించుకునే తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు.

అపోహ: తెలుగు మాధ్యమంలో చదివినవారు నెగ్గుకురాలేరు.
వాస్తవం: ఎన్ఐటీల్లో ప్రవేశానికి రాసే జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి తెలుగులోనూ రాయవచ్చు, ఐఐటీల కోసం రాసే అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది. అసలు ఇబ్బంది చేరాక మొదటి సెమిస్టర్‌లో ఎదురవుతుంది. లెక్క తెలిసినా ప్రశ్న అర్థంకాక, తరగతిలో అడగడానికి సిగ్గుపడి, విద్యార్థి మౌనంగా వెనుకబడతాడు. అందుకే మేము సెమిస్టర్ ఫలితాల దాకా ఆగం; సెమిస్టర్ మధ్యలో జరిగే మొదటి మిడ్ పరీక్ష మార్కులు రాగానే, అదే ఊరి నుంచో అదే హాస్టల్ నుంచో వచ్చిన సీనియర్‌ను తోడుగా కూర్చోబెట్టి, తెలుగులోనే సందేహాలు తీర్పిస్తాం.