పూత ఎందుకు గిల్లినానంటే

పిల్లకాయలూ,

పోయిన ఆదివారం మన చిన్నోడు ఫోన్ చేసి ఒక మాట అడిగినాడు. "తాతా, నా పక్క బెంచీలో కూర్చునేవాడు మామిడికాయల మండీలో క్రేట్లు మోసి రోజూ డబ్బులు తెస్తా ఉన్నాడు, నేనూ పోతానంటే 13 ఏండ్లోడివి, చట్టం ఒప్పుకోదంటారు, కష్టపడితే తప్పా?" అని. ఫోన్‌లో చెప్పేంత చిన్న మాట కాదు, అందుకే అందరికీ కలిపి రాస్తా ఉన్నా.

కష్టపడేది తప్పు కాదు నాయనా. ఇంటెనకాల తోతాపురి మామిడి అంటు నాటినాం కదా, రెండో ఏడే పూతొచ్చింది. మీ అవ్వ ఎంత సంబరపడిందో! నేను పోయి పూతంతా గిల్లేస్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అంటుకు మూడు నాలుగేండ్లు పూత నిలపకూడదు, నిలిపితే సత్తువంతా ఆ నాలుగు కాయలకే పోతుంది, కొమ్మ సాగదు, వేరు లోతుకు దిగదు.

చట్టం కూడా పూత గిల్లడం లాంటిదే. 1986లో వచ్చిన బాలకార్మిక చట్టం కొన్ని పనులకే అడ్డం చెప్పేది, 2016లో మార్చినాక సినిమా, టీవీల్లో నటించేది లాంటివి తప్ప 14 ఏండ్లలోపు పిల్లల్ని బయట ఎవురూ పనికి పెట్టుకోకూడదు, 14 నుంచి 18 దాకా గనులు, పేలుడు సరుకు లాంటి ప్రమాదమైన పనులు కూడదు. పెట్టుకున్నోడికి ఆరు నెలల నుంచి రెండేండ్ల జైలు, లేదంటే 20,000 నుంచి 50,000 దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. పిల్లోడి మీద కేసేమీ ఉండదు. బడి అయినాక, సెలవుల్లో మన తోటలో నాయనకు సాయం చేస్తే తప్పు లేదు, రుచి చూసేదానికి ఒక్క కాయ చెట్టునే వదుల్తాం కదా, అట్లా.

నా పూత ఎవురూ గిల్లలేదు. నాకు పదకొండేండ్లప్పుడు విత్తనాలకు చెనిక్కాయలు ఒలిచే పనికి పంపినారు, కాయలు నీళ్ళు చల్లి నానబెట్టి రాత్రిపూట దీపం కాడ ఒలిచేది, బొటనవేలి గోరు కింద తోలు లేచిపోయి మజ్జిగన్నం కలుపుకుంటే చుర్రుమనేది. నెల తర్వాత బడికి పోతే భాగహారం అయిపోయింది. అందరూ పలకలు ఎత్తి చూపిస్తా ఉంటే నేను నా పలకను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. ఆ లెక్క నాకు పెండ్లయినాక మీ అవ్వ నేర్పింది.

అందుకే మండీకి పోయే ఆ పక్క బెంచీ పిల్లోడి గురించి నాకు దిగులుగా ఉంది. బడి తెరిచినాక వాడు రాకుంటే ఊరుకోబాకండి, సార్‌కు చెప్పండి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏండ్ల పిల్లలందరికీ సర్కారు బడిలో ఉచితంగా చదువు చెప్పాల. నడిమధ్యలో మానేసినోడినీ వయసుకు తగిన క్లాసులో చేర్చుకుని, వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాల, టీసీ ఆలస్యమైందని తిప్పి పంపకూడదు. ఎవురైనా బలవంతంగా పనిలో పెట్టుకుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. 14 దాటి ఎనిమిదో తరగతి అయిపోతే ఆ చట్టం చెయ్యి వదిలేస్తుంది, పది కూడా పూర్తి కాకముందే, అది నాకు ఎప్పటికీ మింగుడు పడదు.

ఇంటికొచ్చినప్పుడు ఆ అంటు కాడికి పోండి. పూత గిల్లిన చోట వేలు పెట్టి చూడండి, అరచేతిలో కాయలు కాసినట్టు గట్టిగా ఉంటుంది, దాని కిందనించి ఎన్ని కొమ్మలు చీలినాయో లెక్కపెట్టి నాకు చెప్పండి. నేను లెక్కపెట్టినా, మీ లెక్కతో సరిపోతుందేమో చూస్తా.

మీ తాత