0.3 అనే అంకె, తొర్ర పడ్డ మానులు

గాలివానకు ఒక పెద్ద మాను కూలుతుంది. విరిగిన చోట లోపలంతా పుచ్చిపోయిన ఫొటో ఫోన్లలో తిరుగుతుంది. మర్నాటి నుంచి మాను అడుగున పుట్టగొడుగు కనిపించిన ప్రతి పాత చెట్టు మీదా అనుమానమే. కొట్టేయాలా, ఉంచాలా అన్న గొడవ ఇప్పుడు మళ్లీ రేగింది. చెక్కను కుళ్లబెట్టేది శిలీంధ్రాలేనని 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ హార్టిగ్ చూపించారు. ఆ కథ తెలిసిందే. నేటి పేచీకి మూలం మాత్రం 1990లలో పేరుకెక్కిన ఒక అంకె: 0.3.

జర్మనీలోని కార్ల్‌స్రూహేలో శాస్త్రవేత్త క్లాస్ మాథెక్ బృందం నిలబడ్డవీ విరిగినవీ కలిపి వందల చెట్లను కొలిచింది. తొర్ర చుట్టూ మిగిలిన గట్టి చెక్క మందం మాను వ్యాసార్ధంలో 30 శాతం కంటే తగ్గితే విరిగే ముప్పు బాగా పెరుగుతుందని తేల్చింది. అంటే మీటరు అడ్డం ఉన్న మానుకు చుట్టూ 15 సెంటీమీటర్ల మంచి చెక్క ఉండాలి. ఆ మాట చెప్పింది నిండుగా కొమ్మలున్న చెట్ల గురించి. అంకె ఊరూరా పాకింది, షరతు వెనకబడిపోయింది. నా దృష్టిలో తప్పు జరిగింది అక్కడే.

లెక్క చూడండి. గాలికి మాను వంగినప్పుడు భారమంతా పడేది బయటి అంచు మీద, నడిమి చేవ మీద కాదు. అడ్డంలో సగం బోలుగా ఉన్నా, చుట్టూ గోడ పగలకుండా ఉంటే పోయే బలం 6 శాతం. బోలు 70 శాతానికి చేరితే, అంటే గోడ ఆ 0.3 హద్దు దగ్గర ఉంటే, 24 శాతం. 1963లో అమెరికాలో శాస్త్రవేత్త విలియం వాగెనర్ సూదిమొన ఆకుల చెట్లకు పెట్టిన హద్దు కూడా దాదాపు ఇదే 70 శాతం.

వాగెనర్ హద్దుకూ మాథెక్ అంకెకూ మధ్య కాలంలో, 1977లో, అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో చెప్పిన సంగతిని మాత్రం కొట్టేయమనేవాళ్లు పెద్దగా తలచుకోరు. ఆయన మానులను అడ్డంగా కోసి ఊరుకోలేదు, చైన్‌సాతో నిలువునా చీల్చి చూశారు. దెబ్బ తగిలిన ఏడాది చెట్టు లోపల ఒక గోడ కట్టుకుంటుంది. కోసిన మొద్దులో అది సన్నని నల్లటి గీతలా కనిపిస్తుంది. కుళ్లు ఎక్కువగా ఆ గీతకు లోపలే ఆగుతుంది, తర్వాత పెరిగిన చెక్క శుభ్రంగా ఉంటుంది. తొర్రను గీకి సిమెంటు నింపే పాత వైద్యం ఆ గోడనే పగలగొట్టింది. లోపల కుళ్లు ఎంత వేగంగా పాకుతోంది, బయట కొత్త చెక్క ఎంత వేగంగా చేరుతోంది అన్నదే అసలు ప్రశ్న. ఒక్కసారి కొలిస్తే దానికి జవాబు దొరకదు. కొన్నేళ్లాగి మళ్లీ కొలవాలి.

కొట్టేయమనేవాళ్ల భయం ఉత్తది కాదు. క్రెట్‌ష్మేరియా డ్యూస్టా అనే శిలీంధ్రం మాను అడుగున కాలిన బొగ్గు పెచ్చులా ఉంటుంది. పైన ఆకులు పచ్చగానే ఉండగా మాను పుటుక్కున విరిగిపోవచ్చు. కానీ ఓక్ చెట్టు మీద వచ్చే ఫిస్టులినా హెపాటికా చేవను నెమ్మదిగా తింటుంది, ఆ చెట్టు దశాబ్దాలు నిలుస్తుంది. రెండూ జనం కంటికి పుట్టగొడుగులే. ఏ శిలీంధ్రమో పోల్చకుండా రంపం తేవడం అన్యాయం. బ్రిటన్‌లో 2011లో నేషనల్ ట్రీ సేఫ్టీ గ్రూప్ వేసిన అంచనా ప్రకారం చెట్టు పడి చనిపోయే అవకాశం ఏడాదికి సుమారు కోటి మందిలో ఒకరికి.

అంకెతో పాటు వదిలేసిన షరతు ఇక్కడే పనికొస్తుంది. పై కొమ్మలను కొంత తగ్గిస్తే గాలి పట్టు తగ్గుతుంది, పలచబడ్డ గోడ కూడా ఆ బరువును మోయగలదు. కొట్టేయడానికీ వదిలేయడానికీ మధ్య ఈ దారి ఉందని, చెట్టు కొట్టేస్తామన్న నోటీసు అంటించే ముందే చెప్పాలి.