భూమధ్యరేఖ దగ్గర మంచుకొండలు: అపోహలు - వాస్తవాలు

హిమానీనదాల మీద పని చేస్తానని చెబితే అందరూ ముందు హిమాలయాల గురించే అడుగుతారు. పెరూలోని కార్డిల్లెరా బ్లాంకా పర్వతశ్రేణి పేరెత్తితే మాత్రం "అక్కడ మంచేంటి?" అంటారు.

అపోహ: ఉష్ణమండలంలో మంచు నిలవదు.

ఎత్తు ఉంటే నిలుస్తుంది. ఈ శ్రేణి మన తిరుపతి కన్నా భూమధ్యరేఖకు దగ్గర. కానీ ఇక్కడి హువాస్కరాన్ ఎత్తు 6,768 మీటర్లు, ఉష్ణమండలంలో అంతకు మించిన శిఖరం లేదు. ప్రపంచంలోని ఉష్ణమండల హిమానీనదాల్లో దాదాపు 70 శాతం పెరూలోనే ఉన్నాయి.

అపోహ: చలికాలంలో పేరుకుంటుంది, ఎండాకాలంలో కరుగుతుంది.

ఆల్ప్స్‌లో ఈ లెక్క సరిపోతుంది. ఇక్కడ నెలల మధ్య కన్నా పగటికీ రాత్రికీ మధ్యే ఉష్ణోగ్రత తేడా ఎక్కువ. ఏడాదిని విడదీసేది వాన. సుమారుగా అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా తడి, మిగతా నెలలు పొడి. చిత్రమేమిటంటే పైన మంచు పడేదీ, దిగువ అంచు దగ్గర బాగా కరిగేదీ రెండూ తడి నెలల్లోనే.

మరి పొడి నెలల్లో ఎండ మాడ్చేస్తుంది కదా? మాడుస్తుంది. కానీ గాలిలో తేమ లేక మంచులో కొంత నీరు కాకుండానే ఆవిరైపోతుంది. స్కూల్లో కర్పూరం చూపించి చెప్పే ఉత్పతనం ఇదే. కిలో మంచు కరగడానికి పట్టే శక్తికి ఎనిమిది రెట్లకు పైగా అది ఆవిరవడానికి పడుతుంది. ఎండ అలా ఖర్చయిపోతే కరగడానికి మిగిలేది తక్కువ. ఆ నెలల్లో పైకి వెళ్తే ఒక్కోచోట మోకాలెత్తు పదునైన మంచు పలకలు వరసగా నిలబడి ఉంటాయి. గుంటల్లోకి చేరిన ఎండ బయటికి పోలేక అక్కడ మంచు వేగంగా తరిగిపోతుంది, అంచులు మిగులుతాయి. వాటి మధ్య నడవడం మాత్రం నరకమే.

అపోహ: హిమానీనదాల తరుగుదలకు కారణం వేడిగాలి తగలడం ఒక్కటే.

మూలకారణం వేడెక్కడమే, అందులో అనుమానం లేదు. కానీ అది పని చేసే దారి వేరే. దిగువన మంచు పడాల్సిన చోట వాన పడుతుంది. తెల్లటి కొత్త మంచు ఎండలో చాలా భాగాన్ని వెనక్కి పంపేస్తుంది. అది లేకపోతే కింద దుమ్ము పట్టిన పాత ఐస్ ఎండను మింగేస్తుంది. ఎల్‌నినో ఏడాదుల్లో సాధారణంగా మంచు తక్కువ పడుతుంది కాబట్టి మాకు టెన్షన్.

అపోహ: కరిగితే మంచిదేగా, నదిలో నీళ్లొస్తాయి.

కొన్నాళ్లే. ఇక్కడి శాంటా నదికి నీళ్లిచ్చే పాయల్లో చాలావాటికి ఆ దశ దాటిపోయింది, పొడి నెలల్లో ప్రవాహం తగ్గుతోంది. ఎడారి తీరంలోని పొలాలు ఈ నది మీదే ఆధారపడ్డాయి. పైగా మంచు తొలగి బయటపడ్డ కొన్ని రాళ్లలో గంధకపు ఖనిజాలుంటాయి. వాటి మీదుగా వచ్చే వాగులు ఆమ్లంగా, తుప్పు రంగులో పారతాయి.

అపోహ: హిమానీనదం చిన్నదైతే ప్రమాదమూ చిన్నదవుతుంది.

1941 డిసెంబరు 13న ఈ శ్రేణిలోని పాల్కకోచా సరస్సు గట్టు తెగి హువారజ్ పట్టణాన్ని ముంచింది. కనీసం 1,800 మంది పోయారు. హిమానీనదం వెనక్కి తగ్గేకొద్దీ అది ఖాళీ చేసిన గుంటలో నీళ్లు చేరతాయి. ఆ సరస్సులో 1970లలో ఉన్న నీటికి 2009 నాటికి 30 రెట్లకు పైగా చేరింది. ఆ తర్వాత సైఫన్ పైపులు వేసి నీళ్లు తోడుతున్నారు. పైనున్న ఐస్ విరిగి సరస్సులో పడితే లేచే అలను మాత్రం ఏ పైపూ ఆపలేదు.