తల సగం ఎక్కడ పోయింది?

ములుగు దగ్గర ఒక బడిలో పనిచేసే టీచరమ్మ అడిగారు: "మా ఆరో తరగతి పిల్లలు కుండ గీయమంటే కుండలాగే గీస్తారు. బతుకమ్మనైతే పూల వరసలతో సహా దించేస్తారు. పక్కనున్న దోస్తు మొహం గీయమంటే మాత్రం ఎవరిదో పోల్చుకోలేం, పైగా నుదురే ఉండదు. ఎందుకు సార్?"

ఆ నుదురు సంగతే చూద్దాం. మిగతా తప్పులు చాలావరకు దాని వెంటే వస్తాయి.

క్లాసులో పిల్లలకు స్కేలు ఇచ్చి ముందు సార్ తలనే కొలవమనండి. బట్టతల సార్ దొరికితే ఇంకా మంచిది, జుట్టు ఎత్తు లెక్కలోకి రాదు. గడ్డం కింది నుంచి కళ్ల దాకా ఒక కొలత, కళ్ల నుంచి నడినెత్తి దాకా ఇంకొకటి. రెండూ దాదాపు సమానం. కళ్లు తలకు నడుమనే ఉంటాయి! చెబితే ఎవరూ నమ్మరు. పెద్దవాళ్లు గీసినా కళ్లు పైకే ఎక్కుతాయి, పుర్రె పైభాగం కోసేసినట్టు అవుతుంది.

ఇంటి పటం గీయమంటే మనం ఏం చేస్తాం? పొద్దంతా తిరిగే వంటిల్లు, వసారా పెద్దగా వేస్తాం. అటక సంగతే మరచిపోతాం. మొహం విషయంలో మెదడుదీ అదే తీరు. కోపమో, నవ్వో, అబద్ధమో తెలిసేది కళ్ల దగ్గర, నోటి దగ్గర. మన చూపు రోజంతా అక్కడే తిరుగుతుంది. నుదురు, నెత్తి మెదడుకు అటకలాంటివే. అందుకే పిల్లవాడి కాగితం మీద వంటిల్లు ఇంటినంతా ఆక్రమించి, అటకకు చోటు లేకుండా పోతుంది. వాడి చెయ్యి బాగానే పనిచేస్తోంది, కొలతలే మెదడు మార్చి ఇచ్చింది.

మెదడులో మొహాల కోసం ఒక ప్రత్యేకమైన చోటే ఉంది. చెవుల పక్కగా ఉండే మెదడు భాగాన్ని టెంపోరల్ లోబ్ అంటారు, దాని అడుగు భాగంలో ఫ్యూజిఫార్మ్ గైరస్ అనే మడత ఉంటుంది. అందులో ఒక భాగం మిగతా వస్తువులకంటే మొహాలకు ఎక్కువగా స్పందిస్తుందని మెదడు శాస్త్రవేత్త నాన్సీ కాన్‌విషర్ బృందం 1997లో ఎఫ్ఎంఆర్ఐతో (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కానింగ్) చూపింది. చాలామందిలో కుడివైపు ఈ స్పందన బలంగా ఉంటుంది. మనం మొహాన్ని ముక్కుగా, చెవిగా విడదీసి చూడం, మొత్తాన్ని ఒక్క దెబ్బకు చూస్తాం. గుర్తుపట్టడానికి అది వరం, గీసేటప్పుడు అదే అడ్డం. మొహాన్ని తలకిందులు చేస్తే ఈ యంత్రాంగం తడబడుతుంది. ఇళ్లవంటి వస్తువులకంటే మొహాలనే తలకిందులుగా గుర్తుపట్టడం బాగా కష్టమవుతుందని మనస్తత్వ పరిశోధకుడు రాబర్ట్ యిన్ 1969లోనే చూపాడు.

దీన్ని క్లాసులో పైసా ఖర్చు లేకుండా చూపించొచ్చు. మన దగ్గర పాత ఎన్నికల పోస్టర్లకు కరువా! నవ్వుతున్న మొహం ఒకటి తీసుకుని కళ్లను, నోటిని కత్తిరించి, ఆ ముక్కలను తలకిందులు చేసి అక్కడే అతికించండి. పోస్టర్‌ను తలకిందులుగా పట్టుకుంటే పెద్ద తేడా కనిపించదు. మళ్లీ నేరుగా తిప్పారా, పిల్లలు కెవ్వుమంటారు. 1980లో మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ థాంప్సన్ అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఫొటోతో చూపిన వింత ఇదే.

ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని భయపడే ముసలివాళ్లు మా చిన్నప్పుడు ఉండేవారు. దిష్టిబొమ్మకూ ఎంతెంత కళ్లు పెడతామో చూడండి. విగ్రహాలకు కళ్లు చివర్లో తెరిచే నేత్రోన్మీలనం సరేసరి. మూఢనమ్మకమని కొట్టిపారేసినా ఒకటి ఒప్పుకోవాలి, మెదడుకు కళ్లంటే ఎంత పిచ్చో మనవాళ్లకు స్కానింగులు రాకముందే తెలుసు. తెలంగాణలోని చేర్యాల ఊరి నకాశీ చిత్రకారుల బొమ్మల్లో కళ్లు అంత పెద్దగా వేసేది తెలియక కాదు, తెలిసే.

శిల్పులు మాత్రం కంటిని నమ్మలేదు, కొలతనే నమ్మారు. విగ్రహాల కొలతలు చెప్పే తాలమానం అనే శిల్పశాస్త్ర పద్ధతిలో మొహం పొడవు 12 అంగుళాలు (ఇది స్కేలు మీది ఇంచీ కాదు, విగ్రహం సైజును బట్టి మారే కొలత). జుట్టు మొదలు నుంచి కనుబొమల దాకా 4, అక్కణ్నుంచి ముక్కు కింది దాకా 4, ఆపైన గడ్డం దాకా 4. నెత్తికి వేరే లెక్క. దాన్నీ కలిపితే కళ్లు మళ్లీ నడుమకే వస్తాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, డ్రాయింగ్ చార్టుల్లో ఇది కనిపించదు. పుట్టినప్పుడు కపాలం, మొహం ఘనపరిమాణాల నిష్పత్తి సుమారు 8:1, పెద్దయ్యాక 2:1. ఆరేళ్లకే మెదడు పెద్దవాళ్ల మెదడులో 90 శాతం దాకా పెరిగిపోతుంది. దవడలు, పళ్లు, సైనస్‌లు (మొహం ఎముకల్లోని గాలి గదులు) టీనేజీ దాకా సాగుతూనే ఉంటాయి. కాబట్టి చిన్నపిల్లల కళ్లు నడుమకంటే కిందికే ఉంటాయి. పెద్దల చార్టు ముందు పెట్టి ఒకటో తరగతి పిల్లవాణ్ని గీయిస్తే, బొమ్మలో వాడి తాత ప్రత్యక్షమవుతాడు. చార్టును కాపీ కొట్టించే చదువు మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు, ఇదొక కారణం.

టీచరమ్మకు నా సలహా: మొదట ఫొటోను తలకిందులుగా పెట్టి గీయించండి. అప్పుడు "ఇది కన్ను" అని మెదడు తొందరపడదు, గీతల మీద దృష్టి నిలుస్తుంది. ఎదురుగా మనిషి ఉంటే ఆ చిట్కా కుదరదు, పెన్సిల్‌తో కొలవాలి. చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్ కొసను ఎదుటివాడి నెత్తికి, బొటనవేలి గోరును కంటిగీతకు సరిపెట్టాలి. అదే కొలతను కంటి నుంచి కిందికి దించి, గడ్డానికి సరిపోయిందా, మిగిలిందా చూడాలి. మోచెయ్యి వంగితే పెన్సిల్ కంటికి దగ్గరై కొలత మారిపోతుంది. రెండు కళ్లూ తెరిస్తే ఒక్కో కంటికి పెన్సిల్ ఒక్కో చోట కనిపిస్తుంది. గీసేవాడు, గీయించుకునేవాడు జరగకుండా బెంచీ కాళ్ల దగ్గర సుద్దముక్కతో గుర్తులు పెట్టించండి.