పెద్ద మానిటర్ కొనే ముందు బల్ల కొలవండి: అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నంలో రుషికొండ, మధురవాడ వైపు కార్యాలయాల్లోనూ, ఇంటి నుంచి పనిచేసేవారి గదుల్లోనూ కంప్యూటర్లు అమర్చడం నా వృత్తి. రోజుకు తొమ్మిది గంటలు తెర ముందు గడిపేవారు మెడ పట్టేస్తోందని, సాయంత్రానికి కళ్లు మండుతున్నాయని చెప్పినప్పుడు నేను మొదట టేపు తీసి బల్ల లోతు కొలుస్తాను. వారి బాధకు కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

అపోహ: తెర ఎంత పెద్దదైతే కంటికి అంత హాయి.

వాస్తవం: తెర పరిమాణాన్ని నిర్ణయించవలసింది కంటికీ తెరకూ మధ్య ఉండే దూరం. అంగుళాల లెక్క తెర మూల నుంచి ఎదుటి మూలకు కొలిచేది; 27 అంగుళాల మానిటర్ వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు, 32 అంగుళాలది 71, 43 అంగుళాలది 95. చేయి చాచినంత దూరంలో, అంటే సుమారు 60 నుంచి 75 సెంటీమీటర్లలో కూర్చుంటే 27 అంగుళాల తెర రెండు చివరలూ తల పెద్దగా తిప్పకుండానే చూపుకు అందుతాయి. 43 అంగుళాల తెరపై మాత్రం అంచుల్లో ఉన్నదాన్ని చదవాలన్న ప్రతిసారీ మెడ తిప్పవలసి వస్తుంది. అపార్ట్‌మెంట్ పడకగదుల్లో వేసుకునే బల్లలు చాలావరకు 45, 50 సెంటీమీటర్ల లోతే ఉంటాయి, అందులోనూ మానిటర్ స్టాండ్ కొంత చోటు తినేస్తుంది. ఎంవీపీ కాలనీలో లెక్కలు చూసే ఒకావిడ అలాంటి బల్ల మీద 32 అంగుళాల తెర పెట్టుకొని నెల రోజులు తలనొప్పితో బాధపడ్డారు. బల్లను గోడ నుంచి అర అడుగు ఇవతలికి జరిపి, స్టాండ్ తీసేసి, బల్ల వెనుక అంచుకు బిగించే మానిటర్ ఆర్మ్ (తెరను మోసే కదిలే చేయి) మీద తెరను వెనక్కి నెట్టాక ఆవిడకు అదే తెర సౌకర్యంగా మారింది. అందుకే మానిటర్ వెనుక 75 లేదా 100 మిల్లీమీటర్ల చతురస్రంలో ఆర్మ్ బిగించుకునే నాలుగు స్క్రూ రంధ్రాలు ఉన్నాయో లేదో చూసి కొనమని అందరికీ చెబుతాను. తక్కువ ధర మోడళ్లు కొన్నింటికి అవి ఉండవు.

అపోహ: అంగుళాలు చూసుకుంటే చాలు, రిజల్యూషన్ (తెరపై ఉండే చుక్కల సంఖ్య) కంప్యూటర్ ఆటలు ఆడేవారి సంగతి.

వాస్తవం: రోజంతా అక్షరాలు చదివేవారికే రిజల్యూషన్ ఎక్కువ అవసరం. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920×1080) తెరలో అంగుళానికి దాదాపు 92 పిక్సెళ్లు, అంటే చుక్కలు, ఉంటాయి. అదే ఫుల్ హెచ్‌డీని 27 అంగుళాలకు సాగదీస్తే అవి 82కు పడిపోతాయి, అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనబడతాయి. ఆంగ్ల అక్షరాల కంటే మన లిపికి ఈ లోపం ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే ద, ధ, థ అక్షరాల మధ్య తేడా ఒక చుక్కలోనో చిన్న గీతలోనో ఉంటుంది, వత్తులు ఇంకా సన్నగా ఉంటాయి. దుకాణంలో సినిమా దృశ్యాలు చూసి మురిసిపోకుండా, ఏదైనా తెలుగు దినపత్రిక పేజీ తెరిపించి, మీరు కూర్చునే దూరం నుంచి ‘అర్థం’, ‘అర్ధం’ అన్న మాటలు వేరువేరుగా పోల్చుకోగలుగుతున్నారో లేదో చూడండి. నా అభిప్రాయంలో 27 అంగుళాలకు 2560×1440 పిక్సెళ్లు కనీస అవసరం. అందులో అంగుళానికి 109 పిక్సెళ్లు వస్తాయి. 4కె (3840×2160) తీసుకుంటే అక్షరాలు మరింత నున్నగా ఉంటాయి గానీ, వాటిని చదవగలిగేలా 150 శాతానికి పెంచుకున్నాక తెరపై పట్టే పని మళ్లీ 2560×1440లో పట్టినంతే. 4కె కొన్నవారు కేబుల్, పోర్టు కూడా చూసుకోవాలి: పాత హెచ్‌డీఎమ్‌ఐ 1.4 పోర్టు మీద 4కె చిత్రం సెకనుకు 30 సార్లే మారుతుంది, దానివల్ల మౌస్ బాణం ఆగి ఆగి కదులుతున్నట్లు ఉంటుంది.

అపోహ: నీలికాంతిని ఆపే అద్దాలు పెట్టుకుంటే కళ్లు అలసిపోవు.

వాస్తవం: వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ 2023లో 17 పరీక్షల ఫలితాలను పరిశీలించి, కంప్యూటర్ పనివల్ల కలిగే కంటి అలసటను ఈ అద్దాలు మామూలు అద్దాలకంటే స్వల్పకాలంలో ఎక్కువగా తగ్గించకపోవచ్చని పేర్కొంది. తెర వంక తదేకంగా చూసేటప్పుడు మనం రెప్పలు వేయడం బాగా తగ్గిపోతుంది, ఏసీ గాలి నేరుగా ముఖానికి తగిలితే కన్ను మరింత త్వరగా ఆరిపోతుంది. కాబట్టి ముందు ఏసీ రెక్కలను పక్కకు తిప్పండి. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల అవతల ఉన్నదాన్ని 20 సెకన్ల పాటు చూడమని కంటివైద్యులు చెప్పే సూత్రం మన ఊళ్లో తేలిక: కిటికీలోంచి సముద్రమో కైలాసగిరో కనబడేవారు అదృష్టవంతులు.

అయితే ఆ కిటికీయే మరొక చిక్కు తెస్తుంది. సముద్రం కనబడుతుందని మానిటర్‌ను కిటికీకి ముందు పెట్టుకునేవారు ఎందరో. సముద్రం మనకు తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో ఉంది కనుక ఉదయమంతా తెర వెనుక నుంచి ఎండ కళ్లలోకి కొడుతుంది. మానిటర్‌ను ఎదురు గోడకు మారిస్తే అదే ఎండ తెరపై ప్రతిఫలిస్తుంది. కిటికీ మీ కుడి పక్కనో ఎడమ పక్కనో వచ్చేలా బల్ల తిప్పండి, మెరుపు లేని మ్యాట్ తెర ఎంచుకోండి. ఒక తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకొని, తెరలోని తెలుపు దీపంలా వెలగకుండా, బూడిదలా మసకబారకుండా ఆ కాగితంతో కలిసేవరకు వెలుగు సవరించుకోండి.

అపోహ: తెర ఎంత ఎత్తున ఉంటే మెడ అంత నిటారుగా ఉంటుంది.

వాస్తవం: తెర పై అంచు కంటి మట్టానికి గానీ కొంచెం దిగువకు గానీ ఉండాలి. నలభై దాటి, దూరపు చూపు, దగ్గరి చూపు ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవారికి తెర ఇంకా దిగాలి, ఎందుకంటే దగ్గరి చూపు భాగం అద్దం కింది వైపు ఉంటుంది, తెర ఎత్తయితే వారు గడ్డం పైకెత్తి చదవవలసి వస్తుంది. అలాంటివారు బల్ల దగ్గర కొలిచిన దూరాన్ని సెంటీమీటర్లలో రాసుకొని వెళ్లి, ఆ దూరానికే ప్రత్యేకంగా అద్దాలు రాయమని కంటివైద్యుణ్ణి అడగడం మంచిది.

వంపు తెరల గురించి చెప్పవలసింది తక్కువ. 34 అంగుళాల అతి వెడల్పు తెరకు వంపు ఉపయోగమే; 27కు తేడా స్వల్పం, ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లు గీసేవారికి తిన్నని గీత వంకరగా అనిపిస్తుంది కూడా.

చివరగా, వెలుగు తగ్గిస్తే ఏ తెరైనా కంటికి మెత్తగా ఉంటుందన్న నమ్మకం. కొన్ని మానిటర్లు వెలుగును తగ్గించడానికి లోపలి దీపాలను అతివేగంగా ఆర్పి వెలిగిస్తాయి, ఆ మిణుకు కంటికి తెలియకపోయినా కొందరికి తలనొప్పి తెస్తుంది. దుకాణంలోనే వెలుగును 30 శాతానికి దించి, తెల్లని పేజీ తెరిచి, ఫోన్ కెమెరాలో షట్టర్ వేగం పెంచి తెరను చూడండి. నల్లని పట్టీలు కదులుతూ కనబడితే ఆ మోడల్‌ను పక్కన పెట్టి మరొకటి చూపమనండి.