రీబిల్డ్ ఆల్కో అంటే రంగు వేసిన పాత ఇంజినా? డీజిల్ షెడ్‌లో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

"ఏముంది సార్, అది పాత డబ్ల్యూడీఎం-2నే. పటియాలా పంపి రంగేయించి, నంబర్ పక్కన ఆర్ అని రాయించుకొచ్చారు, అంతే."

డబ్ల్యూడీఎం-2 అంటే అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్‌తో మన రైల్వేలో దశాబ్దాలు నడిచిన డీజిల్ లోకో. ఆర్ అంటే రీబిల్డ్, విప్పి మళ్ళీ కట్టినది. కొత్తగా చేరిన టెక్నీషియన్లు ఈ మాట అంటారు. పాతికేళ్ళ సర్వీసున్న వాళ్ళూ అంటారు. ప్లాట్‌ఫాం చివర నిలబడి లోకోలకు ఫోటోలు తీసే కుర్రాళ్ళు కూడా నాతో ఇదే వాదిస్తారు. మాట మాటగానే ఉంటే నాకు ఇబ్బంది లేదు. కానీ ఇది నమ్మినవాడు పనిముట్టు పట్టుకున్నాక చేసే పనికి లోకో దారిలో ఆగుతుంది, వెనకున్న బండ్లన్నీ ఆగుతాయి. అందుకే మిగతా అపోహల కంటే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

డీజిల్ లోకో ఆయుష్షును 36 ఏళ్ళుగా లెక్కేస్తారు. సగం దూరంలో, అంటే సుమారు 18 ఏళ్ళకు, దాన్ని పూర్తిగా విప్పి కట్టాలి. ఆ పనికి పెట్టింది పటియాలా కర్మాగారం. 1981లో డీజిల్ కాంపొనెంట్ వర్క్స్‌గా మొదలై, 2003లో డీజిల్ లోకో మోడర్నైజేషన్ వర్క్స్ అయింది. రెండో పేరులోనే ఆ పనేమిటో ఉంది. అక్కడికి వెళ్ళిన లోకోను అండర్‌ఫ్రేమ్ (అడుగు చట్రం) కనిపించేదాకా విప్పేవారు. ఆల్కో 251 ఇంజిన్ బ్లాకు పోతపోసినది కాదు, ఉక్కు ప్లేట్లను వెల్డింగ్ చేసి కట్టినది. అందుకే దాన్ని మళ్ళీ నిలబెట్టగలిగాం. పగుళ్ళు వెతికి, వెల్డు చేసి, కొలిమిలో వేడిచేసి లోపలి ఒత్తిళ్ళు తీసేసి, మెయిన్ బేరింగుల రంధ్రాలన్నీ ఒకే వరుసకు వచ్చేలా మళ్ళీ బోరింగ్ చేసేవారు. క్రాంక్‌షాఫ్ట్‌కు పగుళ్ళ పరీక్ష ఉండేది. వైరింగ్ మొత్తం కొత్తది. పాత డీసీ జనరేటర్ పోయి, దాని స్థానంలో ఆల్టర్నేటరు, దాని ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫైయరు వచ్చేవి. అరిగిపోయే కమ్యుటేటర్, బ్రష్‌ల గొడవ అక్కడితో సరి (మోటార్లలో మాత్రం ఉంటుంది, అవి ఇంకా డీసీవే). వాక్యూమ్ బ్రేకుల రోజుల సామాను పోయి ఎయిర్ బ్రేకులు వచ్చేవి. ఇంత జరిగినదాన్ని రంగేశారని ఎలా అంటాం?

అయితే అసలు మార్పు కంటికి కనపడదు. డబ్ల్యూడీఎం-2 ఇంజిను 2,600 హెచ్‌పీ. అదే బండి అప్‌గ్రేడ్ అయి వస్తే 3,100. సిలిండర్లు అవే పదహారు, బోరు అదే 9 అంగుళాలు, స్ట్రోకు అదే పదిన్నర. ఎనిమిదో నాచ్‌లో (పవర్ పెంచే హ్యాండిల్ చివరి మెట్టులో) తిరిగే వేగం కూడా అదే, నిమిషానికి 1,000 చుట్లు. మరి అదనపు 500 హెచ్‌పీ ఎక్కడినుంచి వచ్చింది? ఒక్కో సిలిండరు అంతకుముందు సుమారు 162 హెచ్‌పీ ఇచ్చేది, ఇప్పుడు దాదాపు 194 ఇవ్వాలి. సైజూ వేగమూ మారనప్పుడు దారి ఒక్కటే: ప్రతి పేలుడుకీ ఎక్కువ డీజిలు, దాన్ని కాల్చడానికి ఎక్కువ గాలి. అందుకని ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపులో డీజిలు నెట్టే కడ్డీ, అంటే ప్లంజరు, వ్యాసాన్ని 15 మిల్లీమీటర్ల నుంచి 17కు పెంచారు. పెద్ద ప్లంజరు తక్కువ సమయంలో ఎక్కువ ఒత్తిడితో డీజిలు నెడుతుంది, ఆ దెబ్బ తట్టుకోవడానికి పంపులను నొక్కే క్యామ్‌షాఫ్ట్‌ను మరింత దృఢంగా చేశారు. ఇంజిన్‌లోకి గాలి నెట్టే పాత 720 టర్బో ఇచ్చేది చాలదు కాబట్టి ఎక్కువ సామర్థ్యమున్న టర్బోనూ, ఆ గాలిని చల్లబరచడానికి పెద్ద ఆఫ్టర్‌కూలర్‌నూ పెట్టారు. ఎక్కువ వేడికి ఆగేలా పిస్టన్ల తలలకు ఉక్కు కిరీటాలు తొడిగారు. ఇవన్నీ ఒకదానికోసం ఒకటి లెక్కగట్టి పెట్టినవి. ఒక్కటి మార్చినా మిగతావాటి లెక్క తప్పుతుంది.

రెండు మిల్లీమీటర్లే కదా అనుకుంటారు. 15ని 15తో, 17ని 17తో హెచ్చించి చూడండి, 225, 289. ప్లంజరు ఒకే దూరం కదిలినా 17 పంపు 28 శాతం ఎక్కువ డీజిలు పోస్తుంది.

"ఆల్కో అంతా ఒకటే, ఏ పార్టైనా సరిపోతుంది" అనే మాట చేసే నష్టం ఇక్కడ మొదలవుతుంది. రీబిల్డ్ అంటే రంగే అనుకున్నవాడు స్టోర్‌లో చేతికందిన 15 పంపు తెచ్చి 3,100 లోకోకు బిగిస్తాడు. బిగుసుకుంటుంది. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో (లోడ్ లేకుండా ఊరికే తిరుగుతున్నప్పుడు) ఏ తేడా వినపడదు. కానీ పదహారు పంపుల రాకులనూ (ఎంత డీజిలు పడాలో సర్దే పళ్ళ కడ్డీలను) కదిలించేది ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ ఒక్కటే. రాకు ఎంత తెరిచినా ఆ ఒక్క సిలిండరుకు ఐదో వంతుకు పైగా డీజిలు తక్కువ పడుతుంది. పవరు తగ్గిందని గవర్నర్ అన్ని రాకులూ ఇంకొంచెం తెరుస్తుంది. ఆ భారం మిగతా పదిహేను సిలిండర్ల మీద పడుతుంది. వాటి ఎగ్జాస్ట్ వేడి పెరిగి, వాల్వులు, టర్బో అలిసిపోతాయి. తిరగేసి, 17 పంపును పాత 2,600 ఇంజిన్‌కు పెడితే ఇంకా చెడు. పొయ్యిలో కట్టెలు కూరి గాలి ఊదకపోతే ఏమవుతుందో అదే అవుతుంది. కాలని డీజిలు లైనరు (సిలిండరు లోపలి తొడుగు) గోడ మీది ఆయిల్‌ను కడిగేసి కిందకి జారుతుంది, లూబ్ ఆయిల్ పలచబడుతుంది, లైనరు గీసుకుపోతుంది.

నేను పనిచేసిన ఒక షెడ్‌లో ఒక రీబిల్డ్ లోకో మాటిమాటికీ లైన్ నుంచి ఒకే కంప్లైంటుతో వచ్చేది: లోడ్ తీసుకోవడం లేదు, పొగ వస్తోంది. టర్బో మార్చారు. గవర్నర్ మార్చారు. ఆఫ్టర్‌కూలర్ కడిగారు. బాగైందని పంపితే మళ్ళీ అదే. లోడ్ బాక్స్ మీద (లోకోను కదపకుండానే ఇంజిన్ మీద భారం మోపే పరీక్ష పెట్టె) పెట్టి ఒక్కో సిలిండరు ఎగ్జాస్ట్ టెంపరేచర్ చూస్తే ఒకటి మాత్రం మిగతావాటికంటే బాగా చల్లగా ఉంది. పంపు విప్పి ప్లంజరు కొలిచాం, పదిహేను. దాన్ని బిగించిన కుర్రాడు పక్కనే ఉన్నాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. "సార్, చార్జ్‌షీట్ ఇస్తారా?" అని అడిగాడు. అతనికి అది ఆల్కో పంపని చెప్పి ఇచ్చారు. రెండు సైజులూ ట్యాగ్ లేకుండా ఒకే అరలో ఉన్నాయి. పైకి చూసి తేడా పట్టడం కష్టం. అడిగితే పైవాళ్ళు చెప్పిన జవాబు కూడా "అన్నీ ఒకటేరా" అనే. ఆ రాత్రి రిపోర్టులో నేను రాసింది స్టోర్ అర గురించి, ఆ మాట గురించి. ఆ అబ్బాయి ఇప్పుడు పవర్ ప్యాక్ సెక్షన్‌లో పంపు చేతికివ్వగానే ముందు సైజు చూస్తాడు.

ఇలాంటి భయంతో పనిచేస్తున్న కుర్రాళ్ళకు ఒక మాట. అనుమానం వస్తే అడగండి, అడిగినందుకు ఎవరైనా విసుక్కుంటే రెండోవాణ్ణి అడగండి. నంబర్ పక్కన ఆర్ ఉన్నంత మాత్రాన అది 3,100 అని తేల్చుకోకండి. లోకో హిస్టరీ బుక్ తెరిచి ఏ టర్బో, ఏ క్యామ్, ఏ పంపు ఉన్నాయో చూసుకోండి. ఒక్క పంపు మార్చినా లోడ్ బాక్స్ మీద పదహారు సిలిండర్ల వేడీ రాసుకోండి. ఒకటి పక్కదారి పడితే కాగితం మీదే దొరికిపోతుంది.

అన్నీ ఒకటే అనే మాట ఊరికే పుట్టలేదు, దానికో చరిత్ర ఉంది. 1957లో అమెరికా నుంచి వచ్చిన డబ్ల్యూడీఎం-1లో ఉన్నదీ 251 ఇంజినే, కాకపోతే పన్నెండు సిలిండర్లది. 1962లో డబ్ల్యూడీఎం-2 పదహారు సిలిండర్లతో దిగింది. 1964 జనవరి నుంచి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ (డీఎల్‌డబ్ల్యూ) వీటిని కట్టడం మొదలుపెట్టింది. మొదట అమెరికా కిట్లు తెచ్చి బిగించారు, తరువాత ఇక్కడే చేశారు. 1990ల చివరిదాకా 2,600కు పైగా తయారయ్యాయి. కాజీపేట, గుత్తి, మౌలాలి, విశాఖ షెడ్లలో పనిచేసిన మా తరానికి డీజిల్ అంటేనే ఆల్కో. ఒకే కుటుంబంలో ఇన్నేళ్ళు గడిపితే అన్నీ ఒకటే అనిపించడం సహజమే. 1994లో వారణాసి కొత్తగా 3,100 హెచ్‌పీ బండి కట్టి దానికి డబ్ల్యూడీఎం-2సీ అని పేరు పెట్టింది. తరువాత అదే డబ్ల్యూడీఎం-3ఏ అయింది. 3 అంటే మూడు వేల హెచ్‌పీ, ఏ అంటే ఇంకో వంద. పటియాలాలో 3,100కు పెంచిన పాత డబ్ల్యూడీఎం-2లకూ ఇదే పేరు. అంటే 3ఏ అనే పేరు కింద కొత్తగా పుట్టినవీ ఉన్నాయి, మళ్ళీ పుట్టినవీ ఉన్నాయి. ఫోటోలు తీసే కుర్రాళ్ళ తగువంతా ఇక్కడే. కొత్తదన్నవాడూ, పాతదన్నవాడూ ఇద్దరూ సరే నాన్నా, బండి నంబర్ చూసుకోండి.

"ఆల్కో కంపెనీయే మూతపడింది, ఇది చచ్చిన డిజైన్" అనేది ఇంకోటి. కంపెనీ 1969లో మూతపడిన మాట నిజం. డిజైన్ మాత్రం ఆగలేదు. పైన చెప్పిన పెద్ద పంపు, కొత్త టర్బో, ఉక్కు కిరీటం పిస్టన్లు, ఇవన్నీ ఆ కంపెనీ పోయాక లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ టెస్ట్ బెడ్ల మీదా, వారణాసి, పటియాలా షాపుల్లోనూ అంచెలంచెలుగా వచ్చి చేరినవే. 2,600 దగ్గర మొదలైన పదహారు సిలిండర్ల బండి డబ్ల్యూడీఎం-3డీ నాటికి 3,300కు చేరింది.

నల్ల పొగ వస్తే ఇంజిన్ పోయినట్టేనా? కాదు. నాచ్ పెంచగానే డీజిలు వెంటనే పెరుగుతుంది. టర్బో తిరిగేది ఎగ్జాస్ట్ గాలితో కాబట్టి అది వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ సందులో వచ్చే పొగ ఆల్కోకు మామూలే. నాచ్ కదపకుండా ఉంచినా నల్లగా వస్తూనే ఉంటే గాలి తక్కువో డీజిలు ఎక్కువో, అప్పుడు చూడాలి. నీలం పొగైతే లూబ్ ఆయిల్ కాలుతోంది.

స్టేషన్‌లో ఊరికే నిలబడి ఇంజిన్ ఎందుకు తిరుగుతుంది? ఒకసారి ఆపి స్టార్ట్ చేస్తే ఐడిల్‌లో గంటలకొద్దీ కాలే డీజిలంత ఖర్చవుతుందని ఒక పుకారుంది. అది అబద్ధం. స్టార్ట్ చేసేది బ్యాటరీ, డీజిల్ కాదు. ఆపకపోవడానికి అసలు కారణం గాలి. బ్రేకుల గాలి నింపే కంప్రెసర్ ఇంజిన్ షాఫ్ట్ మీదే తిరుగుతుంది. ఇంజిన్ ఆపితే ప్రెషర్ మెల్లగా కారిపోతుంది, మళ్ళీ నింపి బ్రేకులు పరీక్షించి కదలాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే మళ్ళీ స్టార్ట్ కాదేమోనన్న భయం ఒకటి, లోకో పైలట్‌ను ఆ భయానికి తప్పుపట్టలేం. అయినా ఐడిల్‌లో గంటకు 20 లీటర్లకు పైగా కాలిపోతుంది. అందుకే కొన్ని లోకోలకు ఏపీయూ అనే చిన్న ఇంజిన్ పెట్టారు. గాలినీ బ్యాటరీనీ అదే చూసుకుంటుంది, గంటకు మూడు లీటర్లతో సరిపెడుతుంది.

ఇంజిన్ చక్రాలను నేరుగా తిప్పుతుందనేది ఇంకా వినిపిస్తోంది. ఇంజిన్ కరెంటు పుట్టిస్తుంది, ఇరుసుల మీది ఆరు మోటార్లు చక్రాలు తిప్పుతాయి. లాంగ్ హుడ్ (ఇంజిన్ ఉండే పొడవాటి భాగం) ముందుకు పెట్టి వెళ్తుంటే తప్పుగా తగిలించారని అనుకోకండి. క్యాబ్‌లో రెండువైపులకూ కంట్రోల్ స్టాండ్లు ఉన్నాయి. పైలట్‌కు చూపు తగ్గడం మాత్రం నిజం.

చివరిది, ఈ మధ్య పిల్లలు ఆందోళనగా అడిగేది: "లైన్లన్నీ కరెంట్ అయిపోయాయి కదా సార్, మేం నేర్చుకున్నది ఇక పనికిరాదా?" బ్రాడ్ గేజ్ దాదాపు అంతా విద్యుదీకరణ అయిన మాట దాచడం లేదు. డబ్ల్యూడీఎం-2లు చాలామటుకు తుక్కుకు వెళ్ళిపోయాయి, పటియాలా పేరు కూడా మారిపోయింది. కానీ మన బ్రాడ్ గేజ్ డబ్ల్యూడీఎం-3డీలను 2020లో పది, 2023లో ఇరవై బంగ్లాదేశ్‌కు ఇచ్చారు. 2018లో వారణాసిలో రెండు డబ్ల్యూడీజీ-3ఏ గూడ్స్ డీజిల్ లోకోలను 69 రోజుల్లో 10,000 హెచ్‌పీ జంట విద్యుత్ లోకోగా మార్చారు. గుత్తిలో డీజిల్ పవర్ ప్యాకులు విప్పిన వాళ్ళే ఇప్పుడు విద్యుత్ లోకోల బోగీలు (చక్రాల చట్రాలు), బ్రేకులు, కంప్రెసర్లు చూస్తున్నారు. మార్పిడి శిక్షణకు పేరు అడిగితే ఇచ్చేయండి, వెనకాడకండి. బేరింగ్ క్లియరెన్సు కొలవడం, పగులు వెతకడం, బ్రేక్ పైపులో గాలి ఎక్కడ కారుతోందో పట్టడం అక్కడా చేయాల్సిన పనులే, అవి మీకు వచ్చు. త్రీ-ఫేజ్ మోటార్లు, కన్వర్టర్లు మాత్రం కూర్చుని కొత్తగా నేర్చుకోవాలి.