వెల్డింగ్ రోబోకు, ట్రైనీ బ్యాడ్జి మన పిల్లలకు

ఐటీఐ సీట్ల మాట వచ్చినప్పుడల్లా కావలి, కందుకూరు, కనిగిరి ఇళ్లలో లేచే ప్రశ్నే ఇది. కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగంతా రోబోలే చేస్తుంటే పిల్లాణ్ని వెల్డర్ ట్రేడ్‌లో చేర్చాలా వద్దా? 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఈ టెన్షన్ ఇంకా పెరిగింది.

1998లో చెన్నై పక్కనున్న శ్రీపెరంబుదూరు దగ్గర హ్యుందాయ్ కార్ల తయారీ మొదలుపెట్టిన కథ అందరికీ తెలిసిందే. 2022లో చెన్నై దగ్గరి మరైమలై నగర్ ఫోర్డ్ ప్లాంటు ఆగిపోయింది నష్టాల వల్ల, రోబోల వల్ల కాదు. నష్టాలనూ రోబోలనూ కలిపేస్తే అసలు సంగతి మరుగున పడుతుంది.

అసలు మలుపు 2013కీ 2018కీ మధ్య వచ్చింది. ఒక్కో కారు బాడీకి వేల స్పాట్ వెల్డ్‌లు, అంటే రేకులను చుక్కచుక్కగా అతికించే వెల్డ్‌లు, పడతాయి. ఒకప్పుడు బరువైన గన్ పట్టుకుని నిప్పురవ్వల మధ్య అవి వేసింది మనిషే. బాడీ షాపు, పెయింట్ షాపు చాలావరకు రోబోల చేతికి వెళ్లాక మనిషికి ముఖ్యంగా ఫైనల్ అసెంబ్లీ మిగిలింది. వైరింగ్ లాగడం, సీట్లు బిగించడం లాంటివి కొద్ది వారాల్లో చేతికొచ్చే పనులు. చేయి తిరిగిన పాత పనివాడి విలువ అక్కడే తగ్గిపోయింది.

ఇలాంటి పరిస్థితుల్లోనే, 2013లో, సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 'నీమ్' అనే ట్రైనీ పథకానికి నిబంధనలు తెచ్చింది. మూడు నెలల నుంచి మూడేళ్ల వరకు ట్రైనీగా పని చేయించుకోవచ్చు, ఉద్యోగం ఇస్తామన్న హామీ అక్కర్లేదు. 2018లో ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగాలను, అంటే ముందే గడువు పెట్టి ఇచ్చేవాటిని, అన్ని రంగాలకూ తెరిచారు. నీమ్‌ను తర్వాత ఎత్తేశారు. కానీ ట్రైనీలతో లైన్ నడిపే అలవాటు పోలేదు.

ప్రమాదకరమైన పనినే యంత్రాలకు ఇచ్చాం, ఎవరినీ తీసెయ్యలేదు అంటాయి యాజమాన్యాలు. మొదటి మాట నిజమే.

లైన్‌లో నిలబడేవాళ్ల మాట వేరు. తీసెయ్యలేదు సరే, పర్మినెంట్ చేశారా? గడువు తీరగానే పాత బ్యాచ్ ఇంటికి, కొత్త బ్యాచ్ లైన్‌కి. పక్కన అదే పని చేసే పర్మినెంట్ కార్మికుడి జీతం వీళ్లకు అందదు. నలుగురైదుగురు ఒకే గదిలో సర్దుకుని రెండు మూడేళ్లు గడిపి ఊరికొస్తే, పెళ్లి సంబంధం చూడవచ్చినవాళ్లు మొదట అడిగేది "పర్మినెంటేనా అబ్బాయ్?" అని. ఈ కుర్రాళ్ల ఉద్యోగాలు ఊడలేదు. అసలు ఉద్యోగమన్నదే వాళ్ల చేతికి రాలేదు.

కొత్త కోడ్ ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ కార్మికుడికి ఏడాది పనికే గ్రాట్యుటీ వస్తుంది. పని నేర్చుకునేవాడిగా చేరిన అప్రెంటిస్‌కు అది వర్తించదు. ఇద్దరూ ఒకే కారుకు సీట్లు బిగిస్తున్నా సరే.